సెలవులు పది రోజులే, తేగకు మూడు నెలలు

ప్రశ్న: విజయనగరం నుంచి ఒక తల్లి రాశారు. బాబు ఆరో తరగతి, పాప ఒకటో తరగతి. భర్తకు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. కిందటేడు దసరా సెలవుల్లో పిల్లల్ని విశాఖ తీసుకెళ్ళి, హోటల్లో రెండు రోజులుండి, మాలూ జూ బీచీ అన్నీ తిప్పారు. తొమ్మిది వేలయింది. తిరుగు బస్సులోనే బాబు "బోర్" అన్నాడట, ఆ వెంటనే అన్నాచెల్లెళ్ళు ఫోను కోసం కొట్టుకున్నారట. ఈసారి భర్త అరకు వెళ్దామంటున్నారు. టెక్కలి దగ్గర పల్లెలో ఉండే అత్తగారు "గుంటల్ని పది రోజులూ ఇక్కడే ఉంచీండి" అంటున్నారు. "అక్కడేముందని పది రోజులుంచడం? కిందటేడు రెండు రోజులు వెళ్తే, చెరువులో గోగు నానబెట్టిన కంపులో మావాడు మూడు గంటలు కూర్చున్నాడు. తిట్టి లాక్కొచ్చాను" అని రాశారు. పైడితల్లి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, అదే సిరిమాను, చూడాల్సిందేనని బాబు పట్టు. రెండేళ్ళ కిందట ఆ జనంలో పాప చెయ్యి జారి పది నిమిషాలు కనబడకుండా పోయింది, అప్పట్నుంచి ఈమెకు ఆ రోజంటేనే భయం. దీపావళికి మూడు వేల రూపాయల టపాసులు కావాలని ఇప్పట్నుంచే గొడవ. "ఆరు వేలు దాటకుండా, ఫోను చేతిలోంచి దిగేలా పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీరు విసుగ్గా రాసేసి ముందుకెళ్ళిపోయిన గోగు చెరువు సంగతి మళ్ళీ ఒకసారి చదవండి. మాల్లో గంటసేపు కుదురుగా నిలబడని పిల్లాడు కంపుకొట్టే చెరువు గట్టున మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఎందుకు? అక్కడ మనుషులు ఒక పని చేస్తున్నారు, ఆ పని మొదలేమిటో చివరేమిటో వాడి కళ్ళకు కనిపిస్తోంది. విశాఖలో వాడు చూసినవాటిలో వాడు చెయ్యి పెట్టగలిగింది ఒక్కటీ లేదు.

అందుకని ఎక్కడికి అన్నది కాసేపు పక్కన పెట్టి, ఏం చేయిద్దాం అన్నది ముందు చూద్దాం. మన వైపు వానలు వెనకబట్టే ఈ రోజుల్లో పిల్లలు చెయ్యి పెట్టగల పనులు చాలానే ఉన్నాయి. కొన్ని సెలవుల్లో మొదలై సంక్రాంతి దాకా సాగుతాయి. ఫోను సంగతి మీరు వేరే తేల్చుకోనక్కర్లేకుండా సగం వాటితోనే తేలుతుంది. మిగతా సగం గురించి చివర్లో చెబుతాను.

ముందు ఆ గోగు. కోసిన మొక్కల్ని కట్టలు కట్టి, ఆకు రాలాక చెరువులో ముంచి పైన బరువు పెడతారు. బెరడుకూ లోపలి పుల్లకూ మధ్య ఉన్న జిగురును నీళ్ళలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. మీకు వచ్చిన కంపు దానిదే. రెండు మూడు వారాలకు నార ఊడి వస్తుంది. బరువుకని బురద ముద్దలు వేస్తే నార నల్లబడి ధర తగ్గుతుంది, అందుకే జాగ్రత్తపడేవాళ్ళు రాళ్ళో దుంగలో పెడతారు. ఇదంతా మీవాడు ఇంట్లోనే చేసి చూడొచ్చు. ముదిరిన గోంగూర కాడలు ఓ పది, అడుగు పొడవు ముక్కలుగా కోసి, ఆకు దూసేసి, పాత బకెట్‌లో పూర్తిగా మునిగేలా రాయి పెట్టాలి. గోంగూరా గోగూ అక్కాచెల్లెళ్ళే కాబట్టి నార వస్తుంది. బకెట్‌కి గుడ్డ బిగించి కట్టడం మాత్రం మరవకండి, లేకపోతే వారం తిరక్కుండా దోమల్ని పెంచినట్టవుతుంది. డాబా మీద ఓ మూల పెడితే ఇంట్లోకి వాసన రాదు. పదో రోజు నుంచి రోజూ ఒక కాడ మొదలు విరిచి చూడాలి. బెరడు జారినట్టు ఊడితే తయారైనట్టు. "ఇంకో నాలుగు రోజులు ఉండనీ" అని వదిలేస్తే నార కూడా కుళ్ళి, లాగితే తెగిపోతుంది. ఈ తప్పు మొదటిసారి అందరూ చేసేదే, వాణ్ణీ చేయనివ్వండి. నారను కడిగి ఆరబెట్టి పాపకిస్తే మూడు పాయల జడ అల్లుతుంది. పల్లెలో చెరువు దగ్గరికి వెళ్ళినా గట్టు మీద నుంచే చూడాలి. నానబెట్టిన చోట అడుగు జారుడు, ఆ నీళ్ళకు ఒళ్ళు దురద.

ఇక అత్తగారి మాట. పది రోజులూ ఉంచితే ఖర్చు దాదాపు ఉండదు, ఆవిడ సంతోషిస్తారు. కానీ నాలుగో రోజుకి పాప మీకోసం ఏడుస్తుంది, ఆరో రోజుకి బాబు ఎవరిదో ఒకరి ఫోను పట్టుకుంటాడు. పెద్దవాళ్ళు ముద్దు చేస్తారు, పనులు చెప్పరు. పనిలేని పల్లె కూడా పిల్లలకు బోరే. అసలు పంపకపోతే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు, పిల్లలకు ఆ పనులు చూపించేవాళ్ళు వేరే లేరు. నా సలహా నాలుగు రోజులు. మీరు కూడా వెళ్ళి, రెండు రోజులుండి పేపర్లు దిద్దుకోండి. వెళ్ళే ముందు అత్తగారికి ఫోను చేసి "పిల్లలు తేగల పాతర వేస్తారట, మీరే నేర్పాలి" అనండి. ఆ మాటతో ఆవిడ వాళ్ళ వెనక తిని పడుకోమని తిరగడం మాని పనిలోకి దిగుతారు.

తేగల పాతర అంటే తాటి టెంకల్ని మట్టిలో పాతి మొలకలు తీయడం. ఎలాగంటే, తాటిపండ్లు రాలే కాలం దసరా నాటికి చివరికొస్తుంది. పండుకు సాధారణంగా మూడు టెంకలు. యాభై అరవై టెంకలు కావాలంటే పాతిక పండ్ల లోపే చాలు. చెట్ల కింద ఏరేటప్పుడు పగిలినవీ పురుగు తొలిచినవీ పనికిరావు, కిందటేటివి ఎండి తేలికైపోయి ఉంటాయి, అవీ వద్దు. పీచుకు అంటుకున్న గుజ్జు గీకేసి కడగాలి, లేదంటే చీమలూ పందులూ పాతరను తవ్వేస్తాయి. ఇప్పుడు అసలు కిటుకు. టెంక నుంచి వచ్చే మొలక ముందు పైకి రాదు, నేల లోపలికి దిగుతుంది. తేగ తయారయ్యేది కిందే. గట్టి నేలలో గొయ్యి తీసి పాతితే తేగ వంకర పోతుంది, తవ్వేటప్పుడు సగం విరుగుతాయి. అందుకే నేల మీదే మూడడుగుల చదరంలో ఇటుకలు పేర్చి, మధ్యలో ఇసుకా మట్టీ సగం సగం కలిపి రెండడుగుల ఎత్తు దిబ్బ పోయాలి. పైన టెంకల్ని పక్కపక్కన ఒక వరసగా పరిచి, మూడు అంగుళాల మట్టి, ఆపైన గడ్డి కప్పాలి. వానలున్నంత కాలం నీళ్ళు అక్కర్లేదు. కార్తీకంలో వానలు ఆగాక వారానికి రెండుసార్లు చల్లితే చాలు. నీరు నిలిచే చోట వేస్తే టెంకలు కుళ్ళిపోతాయి.

మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. సెప్టెంబరు ఆఖరున వేస్తే సంక్రాంతికి అటూ ఇటూగా చేతికొస్తాయి. మట్టి పైన ఆకు విచ్చుకునే దాకా ఆగితే తేగ పీచెక్కుతుంది. మధ్యలో, నెలన్నర దాటాక, పిల్లలు ఉండబట్టలేక ఒక టెంక తీసి చూస్తామంటారు. తియ్యనివ్వండి. పెద్దవాళ్ళు కత్తితో పగలగొడితే లోపల తెల్లగా, మెత్తగా, తియ్యటి బుర్రగుంజు ఉంటుంది. తవ్విన తేగల్ని పైపొర తీసి, ఉప్పూ పసుపూ వేసి నలభై నిమిషాలు ఉడకబెట్టొచ్చు. పల్లెలో అయితే కుండలో పెట్టి తంపటి వేస్తారు, ఆ రుచి వేరు. చీల్చితే మధ్యలో వచ్చే చందమామ ఎవరిదన్న తగాదా మాత్రం మీ ఇంట్లో తప్పదు, ముందే వంతులు వేసుకోండి.

అన్నాచెల్లెళ్ళ కొట్లాటకూ ఇక్కడే ఒక దారుంది. అయిదేళ్ళ తేడా ఉన్న ఇద్దరికి ఒకే పనిస్తే పెద్దవాడు లాక్కుంటాడు, చిన్నది ఏడుస్తుంది. దిబ్బ కొలతలూ ఇటుకలూ వాడివి. టెంకలు లెక్కపెట్టడం, వరసలు పేర్చడం, పాతర వేసి ఎన్ని రోజులైందో నోటు పుస్తకంలో రోజుకో గీత పెట్టడం పాపవి. ఫోను వాడకం ఉండనే ఉండాలంటే అది నానమ్మకు వీడియో కాల్ చేసి పాతర చూపించమనడానికి వాడుకోనివ్వండి. పల్లెలో వేయడం కుదరకపోతే మీ డాబా మీద రెండడుగుల ఎత్తు సిమెంటు సంచికి అడుగున చిల్లులు పెట్టి ఇసుక మట్టి నింపితే పది టెంకలు పడతాయి. దిగుబడి తక్కువ, కానీ రోజూ కళ్ళెదుటే ఉంటుంది.

టెక్కలి వైపు వెళ్తున్నారు కాబట్టి తేలినీలాపురం పక్షుల విడిది ఒక పూట. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గానీ, ఆ గూడబాతు జాతి గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది ఎక్కువగా మన దక్షిణాసియాలోనే. దసరాకు వెళ్తే గూళ్ళు కట్టడం చూస్తారు, పుల్ల కోసం పక్క గూటిలో దొంగతనాలు కూడా. సంక్రాంతికి తేగలు తవ్వడానికి వెళ్ళినప్పుడు మళ్ళీ చూస్తే పిల్లలుంటాయి. రెండుసార్లు చూడటంలోనే అసలు సరదా. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది లోపు గానీ సాయంత్రం నాలుగు తర్వాత గానీ వెళ్ళండి, మధ్యాహ్నం అవి కునుకుతుంటాయి. ఎరుపూ పసుపూ బట్టలు వద్దు. ఎవరి దగ్గరైనా దుర్భిణి ఉంటే అడిగి తీసుకెళ్ళండి. అది లేకపోతే ఆరేళ్ళ పిల్లకు ఆ ఎత్తులో తెల్ల మచ్చలు తప్ప ఏమీ కనబడవు, పావుగంటలో ఇంటికెళ్దామంటుంది.

అక్టోబరు మొదటి మూడు రోజుల్లో శ్రీకాకుళం మీదుగా వెళ్ళే వీలుంటే తెల్లవారుజామున అరసవల్లి. సూర్యనారాయణస్వామి పాదాల మీద కిరణాలు పడేది అప్పుడూ, మళ్ళీ మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతంలోనూ. మబ్బు పట్టిందా, కనబడవు. కనబడినా కొద్ది నిమిషాలే, జనం విపరీతం. పాపతో ఆ క్యూ అంత మంచిది కాదని నా అభిప్రాయం. కానీ ఏడాదికి రెండుసార్లే ఎందుకు అన్న ప్రశ్న మీ ఆరో తరగతి వాడికి బాగా పట్టుకుంటుంది. సూర్యుడు ఉదయించే చోటు డిసెంబరు 21 దాకా దక్షిణానికి జరిగి, మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. ఆ తేదీకి 80 రోజుల ముందు అక్టోబరు 2, 80 రోజుల తర్వాత మార్చి 11. వేళ్ళ మీద లెక్కపెట్టమనండి. మీ ఇంట్లో తూర్పు కిటికీ ఉంటే, పొద్దున్న లోపలి గోడ మీద పడే ఎండ అంచు వెంట ఈ వారమే పెన్సిలుతో గీత గీసి తేదీ రాయించండి. ఆదివారం ఆదివారం ఒక గీత. మార్చిలో ఎండ మళ్ళీ మొదటి గీత మీదికి వస్తుంది, గడియారంలో మాత్రం ఇరవై నిమిషాలు ఆలస్యంగా. ఆ ఇరవై నిమిషాలు ఎందుకో వాడు మిమ్మల్ని అడుగుతాడు, టీచరు కదా, సిద్ధంగా ఉండండి.

సిరిమాను విషయం జాగ్రత్తగా చెప్పాలి. మీ భయం ఉత్తది కాదు. దసరా తర్వాతి మంగళవారం మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా మనిషి మీద మనిషి. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి జనం మొదటి తిరుగుడుతో చెదరరు, గంటల తరబడి అలాగే ఉంటారు. మీకు మూడు దారులున్నాయి. ఆ వీధిలో తెలిసినవాళ్ళ మేడ ఉంటే మధ్యాహ్నం భోజనాల వేళకే చేరిపోయి, జనం పలచబడే దాకా దిగకూడదు. నలుగురూ చూడొచ్చు, కానీ నాలుగైదు గంటలు అక్కడే ఉండాలి. పాపకు తిండీ నీళ్ళూ దుప్పటీ తీసుకెళ్ళండి. మేడ దొరక్కపోతే బాబు నాన్నతో వెళ్తాడు, పాప మీతో ఇంట్లో. దీనికి ఆయన షిఫ్టు ఇప్పుడే మార్పించుకోవాలి, పాప అలగడమూ ఖాయం. ఆ అలకకు మందు విజయనగరం హుకుంపేటలో ఉంది. చింతమానును సిరిమానుగా చెక్కే పని అక్కడ పండుగకు ముందే జరుగుతుంది. జనం లేని ఒక ఉదయం పాపను తీసుకెళ్ళి, ఆ మాను దగ్గరే నిలబెట్టి చూపించండి. పండుగనాడు ఎంత దగ్గరున్నా అంత బాగా కనబడదు. మూడోది, ఏమైనా సరే వీధిలోనే నలుగురూ అంటే, అది నేను వద్దనే అంటాను. అయినా వెళ్ళారే అనుకోండి, ఇల్లు దాటేముందు ఇద్దరికీ ఆనాటి బట్టల్లో ఒక ఫోటో తీయండి, మీ నంబరు బాల్‌పెన్నుతో ముంజేతి మీద రాసి పైన టేపు అంటించండి, తప్పిపోతే కదలకుండా అక్కడే నిలబడి పోలీసునో పిల్లలున్న ఆడవాళ్ళనో అడగమని నేర్పండి. ఆ జనంలో ఫోన్లు కలవవు, కాబట్టి పెద్దవాళ్ళు కలుసుకునే చోటు ముందే అనుకోవాలి.

టపాసులకు మూడు వేలు ఇవ్వనంటే గొడవ, ఇస్తే ఆరు వేలలో సగం గంటలో బూడిద. మధ్యే మార్గంగా ఎనిమిది వందలు వాడి చేతికే ఇచ్చి, ఏం కొనాలో వాణ్ణే లెక్క వేసుకోమనండి. వెయ్యికి ఒప్పుకున్నా తప్పులేదు. మిగతా సందడి దివిటీలతో. గోగు చెరువు దగ్గర నార ఒలిచాక మిగిలే తెల్ల పుల్లలున్నాయే, అవే మన వైపు దివిటీ కొట్టే గోగు కాడలు. పల్లె నుంచి ఓ ఇరవై తెచ్చి ఎండబెట్టుకోండి. రెండడుగుల కాడ చివర పాత నూలు పంచె పీలికలు బిగించి కట్టి, నువ్వుల నూనెలోనో ఆముదంలోనో తడిపి పిండేయాలి. కారకూడదు. కిరసనాయిలు వద్దు, భగ్గున లేచి మండే చుక్కలు కాళ్ళ మీద పడతాయి. పాలిస్టర్ గుడ్డ కరిగి అంటుకుంటుంది, అదీ వద్దు. మట్టి నేల మీదే కొట్టాలి, కొట్టాక నీళ్ళ బకెట్లో ముంచాలి. పాప వెనక మీరు నిలబడి చెయ్యి పట్టుకోండి. పేలని టపాసు దగ్గరికి మళ్ళీ ఎవరూ వెళ్ళకూడదు, దూరం నుంచి నీళ్ళు పోయడమే. కాలితే వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళు. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు ఏవీ వద్దు. బొబ్బ వచ్చినా, ముఖం మీద గానీ చేతుల మీద గానీ కాలినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

మీవారి అరకు మాట కొట్టేయకండి, నవంబరుకు జరపండి. దసరా సెలవుల్లో అక్కడ గదుల ధరలూ రద్దీ రెండూ ఎక్కువ. నవంబరులో కొండల మీద వలిసె పూలు పసుపు పరిచి ఉంటాయి. కిరండూల్ లైను మన జిల్లాలో కొత్తవలస దగ్గరే చీలుతుంది కాబట్టి విశాఖ దాకా వెళ్ళకుండా అక్కడే రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి బొర్రా గుహల దగ్గర దిగి, రాత్రికి వచ్చేలా చూసుకుంటే గది ఖర్చే ఉండదు. ఒక శని, ఆదివారాలు కలిసొస్తే ఆయన షిఫ్టు కూడా కుదురుతుంది.

కళింగపట్నం, బారువ లాంటి సముద్ర తీరాలకు మాత్రం అక్టోబరులో వాతావరణం చూసుకునే వెళ్ళాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. ఇది తుపాన్ల నెల. ఆకాశం బాగానే ఉన్నా ఎక్కడో వాయుగుండం ఉంటే అలలు పెద్దవవుతాయి, కెరటం వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. ఇసుకలో ఆట సరే, మోకాలు దాటి నీళ్ళలోకి వద్దు. కళింగపట్నం వెళ్తే పొద్దున్నే శాలిహుండం కొండెక్కి, పాత బౌద్ధ స్తూపాల దగ్గర నుంచి కింద వంశధారను చూసి, ఎండ ముదరకముందే దిగి, అప్పుడు తీరానికి వెళ్ళండి.

ఇక ఫోను. మీ ఇంట్లో కొట్లాట ఏ వేళకు మొదలవుతుందో గమనించండి. చాలా ఇళ్ళలో అది చీకటి పడ్డాక, అన్నం ఉడికేలోపు. పగలంతా ఎంత ఆడినా ఆ గంట ఖాళీగా ఉంటే ఫోను చేతికొస్తుంది. ఆ గంటలో వారానికి మూడు రోజులు డాబా మీదికి తీసుకెళ్ళండి. వానలు కడిగిన ఆకాశం ఇప్పుడు బాగుంటుంది. అక్టోబరు ఆఖరున రాత్రి ఎనిమిదికి తూర్పున చిన్న చుక్కల గుంపు కనిపిస్తుంది. అదే కృత్తిక, ఊళ్ళో పిల్లలకోడి అంటారు. పాప ఎన్ని చుక్కలు చూడగలదో, అన్న ఎన్ని చూడగలడో పోటీ పెట్టండి. ఆరు చూస్తే మంచి చూపే. కార్తీక పౌర్ణమికి చంద్రుడు ఆ చుక్కల పక్కకే వస్తాడు, ఆ నెలకు ఆ పేరు అందుకే. ఇంకో గంటన్నర మేలుకుంటే గొల్లకావడి మూడు చుక్కలూ లేస్తాయి. మిగతా రోజుల్లో అదే వేళకు అరగంట ఫోను ఇచ్చేయండి, గడియారం పెట్టి. పూర్తిగా లాగేస్తే పక్కింట్లోకి వెళ్ళి చూస్తారు.

మీరు ఈ వారం చేయాల్సినవి రెండే. తాటిపండ్లు ఇంకా రాలుతున్నాయో లేదో అత్తగారిని అడగండి, అయిపోతున్నాయంటే టెంకలు ఏరి నీడన తడి గోనె కప్పి ఉంచమనండి. మీవారితో సిరిమాను మంగళవారం షిఫ్టు సంగతి మాట్లాడండి. పాతర వేశాక వాయుగుండం కబురు వినబడితే, దిబ్బ మీద టార్పాలిన్ కప్పి చుట్టూ నీరు పోయేలా చిన్న కాలువ తీయమని బాబుతోనే నానమ్మకు ఫోను చేయించండి.